పిల్లి వాసన పోని ఇల్లు

ఆ యేడు బడులు తెరిచిన మూడో రోజున వాన మొదలైంది. పన్నెండున్నరకి గొడుగు ముడుస్తూ వరండా మెట్టెక్కి తలుపు తోశాను. వాసన ఎదురొచ్చింది.

అది ఏ వాసనో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మగపిల్లి తలుపు మూలల్లో, గోడ కాళ్ళ దగ్గర చిమ్మి పోయే ఘాటు. కానీ పిల్లి మార్చిలోనే వెళ్ళిపోయింది. మావారు దాన్ని గోనెసంచిలో మూటగట్టి, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని, నాలా అవతల వదిలి వచ్చారు. వేసవి సెలవులు రెండు నెలలూ నేను ఇంట్లోనే ఉన్నాను. ఏ వాసనా లేదు. ఎండలకి గోడల్లోనే దాక్కున్నది తొలకరి తడికి మళ్ళీ బయటపడిందనుకున్నాను.

"ఏటలా నిలబడిపోయావు టీచరమ్మా? తడిసిపోతన్నావు, లోపలికి రా," అన్నారు మావారు. ఈ హిందీ ఊళ్ళోని ఉక్కు ప్లాంటులో ఆ వారం ఆయనకి సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు.

"వాసన వస్తోంది."

"ఏటి వాసన?"

ఆయనతో ఆ మాట అనడం నా పొరపాటే. మావారు అప్పలసూరికి పెళ్ళైన కొత్తలో ఒక చలికాలం పెద్ద జలుబు చేసింది. జలుబు తగ్గింది గానీ వాసన తెలియడం మళ్ళీ రాలేదు. అన్నం మాడినా, పాలు పొంగి పొయ్యి మీద కాలినా ఆయనకి తెలియదు. అది మా పెద్దమ్మాయి పుట్టకముందు సంగతి.

"పిల్లి వాసన," అన్నాను.

ఆయన రెండో బూటు లేసు విప్పి, మళ్ళీ కట్టుకున్నారు. "పిల్లి ఎక్కడుందిప్పుడు?" అని, టిఫిను సంచి తీసుకుని వెళ్ళిపోయారు.

మా పెద్దమ్మాయి అమ్ము ఫిబ్రవరిలో పోయింది. పదకొండేళ్ళు. ఉబ్బసం. పసుపు చారల ఆ పిల్లిని చేరదీసి హల్దీ అని పేరు పెట్టింది అదే. పిల్లి ఇంట్లో ఉండకూడదని డాక్టరు గారు డిసెంబరులోనే చెప్పారు. "ఇప్పుడు పంపిస్తే ఏడుస్తుంది, చదువు పాడవుతుంది, పరీక్షలయ్యాక చూద్దాం" అన్నది నేను. పరీక్షలు మార్చిలో.

అమ్ము పోయిన పదిరోజుల్లోనే చిన్నదానికీ ఛాతీలో కూతలు మొదలయ్యాయి. సాయిప్రియకి ఆరేళ్ళు. డాక్టరు గారు ఈసారి మెల్లగా చెప్పలేదు. "పిల్లి వాసన వస్తోందంటే ఇంట్లో పిల్లి ఉన్నట్టే లెక్క. ఆ వాసన పూర్తిగా పోయేదాకా పాపని ఆ ఇంట్లో ఉంచకండి," అన్నారు. దాన్ని బస్సు దూరంలో ఉన్న నందిని గనుల కాలనీలో మా ఆడపడుచు నూకాలమ్మ ఇంట్లో వదిలాం. నాలుగు నెలలైంది. ఆ వచ్చే ఆదివారమే వెళ్ళి తీసుకురావాలి. ఒకటో తరగతి పుస్తకాలకి అట్టలు కూడా వేసి ఉంచాను.

ఆదివారం నేను నందిని వెళ్ళలేదు. ఇల్లు కడిగాను.

మొదట ఫినాయిలు. తర్వాత చాకలిసోడా. వేపాకు మరిగించిన నీళ్ళు. సాంబ్రాణి వేస్తే రెండు వాసనలూ కలిసి, పిల్లి పూజ చేసుకుంటున్నట్టయింది. మూడోవారం సున్నం వేయించుకుందామన్నాను. మావారు ఒక్క మాట అడ్డు చెప్పలేదు. నైట్ షిఫ్టు చేసి వచ్చి, కాసేపు కూడా పడుకోకుండా, బకెట్లో సున్నం కలిపి, తలకి తువ్వాలు చుట్టుకుని రెండు గదులకీ ఆయనే వేశారు. గోడలు తెల్లగా అయ్యాయి. మర్నాటికి ఘాటు రెట్టింపయింది. కళ్ళలో నీళ్ళు తిరిగేంత.

అమ్ము మంచం మాత్రం నేను ముట్టుకోలేదు. సున్నం వేసేటప్పుడు ఆయనే దాన్ని గోడకి కాస్త దూరంగా జరిపి, పైన పాత చీర కప్పి, పని అయ్యాక మళ్ళీ జరిపారు.

పక్క క్వార్టరు తాయారమ్మ గారిని పిలిచాను. నా ముక్కు మీద నాకే నమ్మకం తగ్గుతోంది. క్లాసులో సుద్దముక్క పట్టుకున్నా అదే వాసన, చీర కొంగులో అదే. బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగి వెనక్కి చూసేదాన్ని, గదిలోకి ఏదో వచ్చినట్టు.

తాయారమ్మ గారు గుమ్మంలో అడుగు పెట్టారు. కొంగు మీదికి పోయిన చెయ్యి సగంలో ఆగి, ముక్కుపుడక సవరించుకుంది.

"ఒలమ్మా, ఏటీ నేదమ్మా. సున్నం కొత్తది కదా, అదే కొడతంది."

"నిజం చెప్పండి పిన్నిగారూ."

"నీకు అబద్ధం సెప్తానేటి? ఇల్లు అద్దంలాగుంది. మా ఇంటికొచ్చి సూడు, మా ముసలోడి బీడీ కంపుకి పిల్లేటి, పులే పారిపోతాది." ఆవిడ నవ్వి, నా భుజం మీద చెయ్యి వేశారు. "కొన్నాళ్ళు ఊరెల్లి రాకూడదా? రాజాం వైపు మీ అమ్మగారోలు ఉన్నారు కదా. మనసు మళ్ళుతాది."

ఆవిడ వెళ్ళాక చాలాసేపు వరండాలో కూర్చున్నాను. పోయిన పిల్ల ఇంట్లో తిరుగుతున్నట్టు కొందరు తల్లులకి అడుగుల చప్పుడు వినిపిస్తుందంటారు. నాకు పిల్లి వాసన వస్తోంది కాబోలు అనుకున్నాను. అమ్ముది వినిపించినా బాగుండేది.

జూలై ఆఖర్న నందిని వెళ్ళాను. నేను వెళ్ళేసరికి సాయిప్రియ గనుల కాలనీ బడిలో ఉంది. ఊరికే కూర్చుంటే పాడైపోతుందని నూకాలమ్మే పంపుతోంది. పిల్లల్లేని ఇల్లు. గోడకి చిన్న గౌను తగిలించి ఉంది, కొత్తది. గూట్లో కొత్త పలక.

సాయిప్రియ వచ్చి నన్ను చూసి గుమ్మంలో ఆగింది. తర్వాత వచ్చి ఒళ్ళో కూర్చుంది. కానీ సంచి మాత్రం అక్కడినుంచే నూకాలమ్మ చేతికి అందించింది. "అత్తా, పానీ," అంది, నీళ్ళనకుండా ఆ బడి హిందీలో.

మధ్యాహ్నం గనిలో పేలుడు పెట్టారు. కిటికీలు కదిలాయి. నేను ఉలిక్కిపడ్డాను. పిల్ల ఉలిక్కిపడలేదు, అన్నం తింటూనే ఉంది.

నూకాలమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. చిక్కుడు పాదు సరిచేస్తూ, నా వైపు చూడకుండా అంది. "వదినా, నానొక మాటంటాను, తప్పు అట్టుకోకు. రాఖీ పున్నం లోపల పేరు రాయించకపోతే బళ్ళో ఈ యేడు ఉంచుకోరంట. రాయించీమంటావా?"

"ఈ యేటికా?"

"ఈ యేటికనే అనుకుందాం." ఒక తీగ తెంపింది. "ఇక్కడ దానికి ఒక్క రోజు కూత రానేదు. నువ్వు బళ్ళోకి, అన్నియ్య డూటీకి. ఆ ఇంట్లో దానికి ఎవులున్నారు సెప్పు? మాకైతే అదే లోకం."

తప్పు పట్టడానికి ఆ మాటల్లో ఏమీ లేదు. అదే నన్ను భయపెట్టింది. "రాఖీ లోపల చెప్తాను," అన్నాను. బస్సు కదిలేటప్పుడు సాయిప్రియ చెయ్యి ఊపింది, చుట్టాలకి ఊపినట్టు.

మర్నాడు స్టాఫ్ రూములో సైన్సు మాస్టారు భుజంగరావు గారితో సున్నం సంగతి అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఎంత పని చేశారు మేడమ్! పిల్లి ఉచ్చకి సున్నం తగిలితే ఘాటు పైకి లేస్తుంది గానీ చావదు. సోడా అయినా అంతే. పులుపు పెట్టాలి. నిమ్మకాయో, సిర్కాయో, అదే వెనిగరో."

ఇంట్లో చింతపండు ఉంది. ఇత్తడి బిందెలు తోమినట్టే నేలనీ గోడ కాళ్ళనీ చింతపండు పులుసుతో తోమాను. నాలుగు రోజులు వరసగా. వేళ్ళ చివర్లు పగిలాయి. అయిదో రోజున వాసన లేదు. ఆరో రోజు కూడా లేదు. బయట వాన పడుతూనే ఉంది. పడుతున్నా లేదు. ఆ శనివారం చాలా నెలల తర్వాత కూర పోపు వాసన నాకు తెలిసింది.

మంగళవారం మధ్యాహ్నం తలుపు తీసేసరికి మళ్ళీ వచ్చింది.

మా వంటగది గోడకి క్యాలెండరు ఉండేది. ప్లాంటులో పనిచేసే వాళ్ళ ఇళ్ళన్నిటిలోలాగే, ప్రతి వారం పక్కన మావారి షిఫ్టు రాసి ఉంటుంది. ఫస్టు, సెకండు, నైటు. వాసన వచ్చిన రోజుల మీద నేను పెన్సిలుతో చుక్క పెడుతూ వచ్చాను. ఎండ ఉన్న రోజులూ, వాన ఉన్న రోజులూ తేడా చూద్దామని. చుక్కలకి వానతో ఏ సంబంధమూ లేదని ఆ రోజు కనిపించింది. ఫస్టు అని రాసిన వారాల్లో ఒక్క చుక్కా లేదు. ఆ వారాల్లో ఆయన ఆరింటికల్లా డ్యూటీలో ఉంటారు. పొద్దుట పూట ఇల్లు తాళం వేసి ఉంటుంది. చుక్కలన్నీ సెకండులో, నైటులో. నేను బడిలో ఉండగా ఆయన ఒక్కరే ఇంట్లో ఉండే వారాల్లో.

పెన్సిలు మేకుకి తగిలించి, పప్పు తిరగమోత వేశాను.

ఆ వారం నైటు. ఆయన నిద్ర లేచి, స్నానం చేసి, పీట మీద కూర్చున్నారు. అన్నం పెట్టాను. పప్పు వేశాను. ఆవకాయ వేశాను.

"హల్దీ ఎలా ఉంది?" అన్నాను.

ఆయన చెయ్యి ఆగలేదు. అన్నం కలుపుతూనే ఉన్నారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలారు.

"సిక్కిపోయింది," అన్నారు.

నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఎప్పటినుంచి?"

"నాలా కాడ వదిలిన నాలుగో నాటికే వచ్చీసింది. వేసవంతా వెనకాల గోడ మీద కూకునీది. నువ్వింట్లో ఉండీదానివి, నీ అలికిడికి దూకి పోయీది, లోపలికి రానేదు. బడి తెరిసేక..." కంచంలోకి చూస్తూ అన్నారు. "నాను తలుపు తీసేను."

"రోజూనా?"

"పదింటికొస్తాది. తిన్నగా అమ్ము మంచమెక్కుతాది. తలగడ మీద కాళ్ళు ముడుసుకుని పడుకుంటాది. గుర్రుమని సప్పుడు. నాను ఈ గదిలో పడుకుంటే ఆ గదిలోంచి ఎవులో ఊపిరి తీస్తన్నట్టుంటాది. నైటు సేసొచ్చినా నాకు నిద్ర పట్టీది కాదు వనజా, నీకు తెలీదు. ఆ సప్పుడికి పడతంది."

ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అరుదు.

"నేను చేతులు పగిలేలా తోముతుంటే చూస్తూ ఊరుకున్నారు."

"లేసేక నానూ తుడిసీవోణ్ణే. డెట్టాలు ఏసి. నువ్వొచ్చీలోపల అంతా శుభ్రం సేసీసేననుకునీవోణ్ణి. నాకు ముక్కు నేదు కదా. పోయిందో ఉందో ఎవుల్ని అడగాల?" ఆవకాయ ముక్క పక్కకి తీశారు. "తాయారమ్మ గారినే అడిగేను. వాసనేటీ నేదు బాబూ, టీచరమ్మకి మనసు బాగునేదు, అన్నారు. అదే నిజమనుకున్నాను. నీకది కుదుటపడితే పాపని తెచ్చీవచ్చు, దానికి ముందు రోజు పిల్లిని తీసుకుపోయి వదిలీవచ్చు అనుకున్నాను."

"నా వల్ల పాప అక్కడ ఉండిపోయిందనుకున్నారు."

ఆయన కంచంలో మెతుకులు దగ్గరికి తోశారు. నేను రెట్టించలేదు. ఆ ఇంట్లో తప్పులు ఎవరివని వెతకడం మొదలుపెడితే డిసెంబరు దాకా వెళ్ళాలి. అక్కడ నేను ఉన్నాను.

"నూకాలు రాఖీ లోపల పేరు రాయిస్తానంటోంది," అన్నాను. "పూర్తిగా అక్కడే ఉంచెయ్యమంటోంది."

అది ఆయనకి తెలియదు. ఆయన చేతిలోని ముద్ద కంచంలో పడింది.

"మజ్జిగ పోయ్," అన్నారు కాసేపటికి. పోశాను. తిన్నారు. లేచి చెయ్యి కడుక్కుని తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నారు. "రేపు తీసుకుపోతాను. నాలా కాడికి కాదు. స్మృతి నగర్లో ఆదిశేషు కొట్టుంది కదా, బియ్యం గోడౌను. ఎలకలతో సస్తన్నాడు. తలుపులేసి పది రోజులు ఉంచితే మరిగిపోతాది."

మర్నాడు నేను బడికి సెలవు పెట్టాను. పదింటికి పిల్లి వచ్చింది. కిటికీ మీద నన్ను చూసి ఆగింది. నిజంగానే చిక్కిపోయింది, ఒక చెవి చిరిగి ఉంది. నేను పక్కకి జరిగాను. అది తిన్నగా మంచం దగ్గరికి పోయింది. మావారు దాన్ని ఎత్తుకునే దాకా నేను గది బయటే నిలబడ్డాను. ఈసారి గోనెసంచి కాదు, చిల్లుల మూత ఉన్న కూరగాయల బుట్ట. సైకిలు వెనక కట్టి, తొక్కకుండా నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. మా రుఆబాంధా క్వార్టర్ల నుంచి స్మృతి నగర్ దాకా.

ఆయన తిరిగి వచ్చేసరికి అమ్ము మంచం మీది దుప్పటి తీసి ఉంచాను. పరుపు తలవైపు సగం వరకు మరక. ఇల్లంతా తోమి, అసలు చోటే వదిలేశాను.

"ఇది పారెయ్యాలి," అన్నాను.

"ఉతికితే పోదేటి?"

"దూదిలోకి దిగింది. పోదు."

ఆయన మంచం పట్టె మీద కూర్చున్నారు. అరచేతితో పరుపుని రాస్తూ ఉండిపోయారు. తర్వాత, కొత్త మాట నేర్చుకునే పిల్లాడిలా తడబడుతూ అడిగారు.

"వనజా. అమ్ము ఏ వాసనొచ్చీది?"

పదిహేనేళ్ళుగా పిల్లలచేత వ్యాసాలు రాయిస్తున్నాను. ఆవు గురించి, వర్షాకాలం గురించి. దీనికి మొదటి వాక్యం వెతుక్కోవలసి వచ్చింది.

"తలకి కొబ్బరినూనె," అన్నాను చివరికి. "నూనె అందరికీ ఒకటే, కానీ దాని చెవుల వెనక అది వేరేగా ఉండేది. ఎండలో ఆరేసిన బట్టలాగా. వేళ్ళకి పెన్సిలు చెక్కిన వాసన. జ్వరం వస్తే పాలు అడుగంటినట్టు ఉండేది, థర్మామీటరు పెట్టకముందే నాకు తెలిసిపోయేది. పుట్టినప్పుడు..."

"పుట్టినప్పుడు?"

"తడిసిన మట్టి పలకలాగా. అంతకంటే చెప్పలేను."

ఆయన తల ఊపారు. ఒక్కొక్కటే ఎక్కడో దాచుకుంటున్నట్టు. "ఇప్పుడుందా? ఇందులో?"

మే నెల దాకా ఉంది. సెలవుల్లో ఆయన డ్యూటీకి వెళ్ళాక తలుపు వేసుకుని ఆ తలగడలో ముఖం పెట్టుకునేదాన్ని. ఆ రోజు పిల్లి వాసన కింద, పరుపు కుట్టు దగ్గర, వంగి చూస్తే ఇంకా కొంచెం ఉందో లేదో. నేను వంగలేదు.

"లేదు," అన్నాను.

ఉందంటే ఆయన దాన్ని ఎత్తేవారు కాదు.

క్వార్టర్ల వెనక మైదానంలో, వాన తెరపిచ్చిన ఒక పూట, కిరసనాయిలు పోసి అంటించాం. దూది మంట లేకుండా, పొగతో, సాయంత్రం దాకా కాలింది. ఆయన పొగకి ఎదురుగానే నిలబడ్డారు. ఇవతలికి రమ్మని నేను పిలవలేదు.

రాఖీకి ముందు రోజు తాయారమ్మ గారి ఇంటి ఫోను నుంచి నందిని కాలనీకి ఫోను చేయించి నూకాలమ్మని పిలిపించాను. "పేరు రాయించకు నూకాలూ. పిల్ల వచ్చేస్తుంది," అన్నాను. ఫోను గరగర మధ్య, "సరే వదినా," అని రెండుసార్లు అంది.

అయినా నెలన్నర ఆగాం. మళ్ళీ చింతపండు, మళ్ళీ కడగడం, మంచం ఎండలో. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. చుక్క పెట్టని వారాలు ఆరు గడిచాయి, మూడు షిఫ్టులూ రెండేసి సార్లు. తాయారమ్మ గారిని మళ్ళీ పిలిచాను. ఈసారి ఆవిడ లోపలికి రాకముందే, "అబద్ధం చెప్తే పాప ఊపిరి పోతుంది పిన్నిగారూ," అన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. రెండు గదులూ, స్నానాలగదీ, మంచం కిందా వంగి వంగి చూశారు. లేచి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "నేదమ్మా. ఈసారి నిజంగా నేదు," అన్నారు.

నవరాత్రులు మొదలైన రెండో రోజు నూకాలమ్మే పిల్లని బస్సులో తీసుకొచ్చింది. చేతిలో రేకు పెట్టె. అందులో గౌన్లు, పలక, ఒక చిక్కుడు గింజల పొట్లం. గేటు దగ్గరే పెట్టె దింపింది.

"లోపలికి రా," అన్నాను.

"వస్తాను. ముందు దాన్ని వెల్లనీ."

సాయిప్రియ ఒక్కతే మెట్లెక్కింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళింది. చెప్పుల చప్పుడు ముందు గదిలో, తర్వాత రెండో గదిలో. తర్వాత ఆగిపోయింది.

మేం ముగ్గురం వరండాలో నిలబడ్డాం. మావారికి సెకండ్ షిఫ్టు, ప్లాంటు బస్సు వేళ దాటిపోతోంది, ఆయన కదల్లేదు. నూకాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపలినుంచి దగ్గు వస్తుందేమోనని, ఛాతీలో ఆ సన్నని ఈల మొదలవుతుందేమోనని వింటున్నాం. అయిదు నిమిషాలో, పదో. రోడ్డు మీద ఒక స్కూటరు పోయింది. మళ్ళీ నిశ్శబ్దం.

"మమ్మీ," లోపలినుంచి కేక వచ్చింది, విసుగ్గా, గట్టిగా, ఒక్క ఊపిరిలో. "భూక్ లగీ హై! ఘర్ మే కుఛ్ నహీ హై క్యా?"

ఆకలేస్తోంది, ఇంట్లో ఏమీ లేదా అని అది అరవగానే మావారు బూట్లు కూడా విప్పకుండా వంటగదిలోకి పరుగెత్తారు. డబ్బాల మూతలు ఒకదాని తర్వాత ఒకటి తీస్తున్న చప్పుడు వినిపించింది. నేను రేకు పెట్టె ఒక కొస పట్టుకున్నాను. నూకాలమ్మ రెండో కొస పట్టుకుంది.